ఆపా, ఆమె ఒంటిడబ్బా కంప్యూటరు

పోయిన నెల మా ఇంట్లో కంప్యూటర్ మొరాయించింది. దాన్నే బాగు చేయించి ఇంకో రెండేళ్లు లాగించాలా, కొత్తది కొనాలా అన్నది తేల్చుకోవడానికి నల్లగొండలో ఒక షాపుకు వెళ్లాను. అమ్మేటతను నన్ను ఒక పలచటి తెర ముందు నిలబెట్టి, కంప్యూటర్ మొత్తం ఇందులోనే ఉంటుందని, కింద వేరే డబ్బా గానీ చిక్కుపడే వైర్లు గానీ ఉండవని చెప్పాడు. నాతో వచ్చిన మిత్రుడు, నాలాగే రిటైరైన టీచరు, వెంటనే అడ్డం తగిలాడు. అన్నీ ఒకదాంట్లో పెట్టినప్పుడు ఒకటి చెడితే అన్నీ చెడినట్టేనట. రేపు మెమరీ పెంచుకుందామన్నా లోపల జాగా ఉండదట. తెర వేరు, డబ్బా వేరు కొనుక్కోవడమే బుద్ధిమంతుల లక్షణమట. అమ్మేటతను టేబుల్ మీద జాగా కలిసొస్తుందన్నాడు. కలిసొచ్చిన జాగాలో పడుకుంటామా అని మావాడు అడిగాడు.

వాళ్లిద్దరూ అట్లా వాదించుకుంటుంటే నాకు నవ్వు ఆగలేదు. ఈ వాదన నేను ఇదివరకే పొల్లు పోకుండా విన్నాను. ఇదే ఊళ్లో, తొంభైల్లో, బస్టాండు వెనక సందులో, టైపు మిషన్లున్న ఒక గదిలో. అప్పుడు ఒంటిడబ్బా పక్షాన ఒక్క మనిషే ఉండేది. ఊరంతా అవతలి పక్షం. ఆ ఒక్క మనిషిని మేము ఆపా అనేవాళ్లం.

ఆపా అంటే అక్క. ఆమెను చిన్నా పెద్దా అందరూ అట్లాగే పిలిచేవాళ్లు. ఆమెకంటే పదేళ్లు పెద్దవాడైన పోస్టుమ్యాన్ కూడా గుమ్మం బయట సైకిల్ ఆపి "ఆపా, ఉత్తరం" అనేవాడు. ఇన్‌స్టిట్యూట్ బోర్డు మీద టైపు నేర్పబడును, జాబ్‌వర్క్ చేయబడును అని తప్ప ఇంకేమీ రాసి ఉండేది కాదు.

ఎనభైల్లో ఇంటర్ అయిపోయి ఏం చేయాలో తోచని వాళ్లందరూ టైపు నేర్చుకునేవాళ్లు. టైపులో లోయర్ పరీక్ష పాసైతే చాలు, కలెక్టరాఫీసులో కుర్చీ దులిపి పెట్టి మన కోసం ఎదురుచూస్తుంటారని మా నాయినకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం నన్ను ఒక పొద్దున ఆ గదిలోకి తోసింది. ఆపా సన్నగా, పొడుగ్గా ఉండేది. రాగానే బురఖా తీసి తలుపు వెనక మేకుకు తగిలించి, కొంగు బొడ్లో దోపి, ఒక లవంగం నోట్లో వేసుకునేది. ఆ లవంగం సాయంత్రం దాకా ఆమె బుగ్గలోనే ఉండేదో, మధ్యలో మారేదో మాకు తెలియదు. అడుగుల చప్పుడు మాత్రం ఉండేది కాదు. లవంగం వాసన వచ్చిందంటే వెనక నిలబడిందన్న మాట.

అక్కడ చేరేవాళ్లు ఫీజుతో పాటు ఒక తువ్వాల తెచ్చుకోవాలి. నేను చెమట తుడుచుకోవడానికేమో అనుకున్నాను. రెండో వారం ఆపా ఆ తువ్వాలను నా చేతుల మీద, అక్షరాల మీద కప్పేసింది. ఇక కీలు కనిపించవు, వేళ్లు కనిపించవు. పక్కన పెట్టిన పాఠం చూస్తూ కొట్టుకుంటూ పోవాలి. నేను దొంగతనంగా తువ్వాల అంచు ఎత్తి చూసేవాణ్ని. ఆమెకు తెలిసిపోయేది.

"కండ్లు పని చేస్తాంటే ఏళ్లు పండుకుంటయ్ తమ్మీ" అనేది. ఈ మాట ఆమె రోజుకు ఇరవై సార్లు అనేది.

చిత్రమేమిటంటే ఆమె మమ్మల్ని చూసేది కూడా కాదు. గోడవైపు తిరిగి కూర్చుని, ఏ స్కూలు ప్రశ్నపత్రానికో స్టెన్సిల్ కోసుకుంటూ ఉండేది. ఎనిమిది మిషన్లు ఒకేసారి టకటకలాడుతుంటే అందులోంచి ఒక తప్పు వేలు చప్పుడు ఆమెకు విడిగా వినిపించేది. మూడో మిషన్ మీద చిటికెన వేలితో కొట్టాల్సింది ఉంగరపు వేలితో కొట్టారని తల తిప్పకుండానే చెప్పేది. మూడో మిషన్ మీద సాధారణంగా నేనే ఉండేవాణ్ని. ఆమెకు తిట్టాల్సి వస్తే ఉర్దూ, మెచ్చుకోవాల్సి వస్తే తెలుగు. ఆ లెక్కన నాకు ఉర్దూ బాగా వచ్చింది.

లోయర్ తప్పాను. మార్కుల కాగితం చూపిస్తే ఆపా కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చదివి, నా చేతివేళ్లు పట్టుకుని తిప్పి చూసింది. బర్రెను కొనేవాళ్లు పళ్లు చూసినట్టుగా చూసిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. తర్వాత తెలుగులో మాట్లాడింది. పాఠం తప్పు లేకుండా చదువుతున్నావు, మాటల మీద ప్రేమ ఉంది, వేళ్లే లేవు, నువ్వు పోయి పంతులువైపో అంది. నేను పోయి పంతులునయ్యాను. నా జీవితంలో ఎవరిచ్చిన సలహా అయినా అంత తు.చ. తప్పకుండా పాటించానంటే అది ఒక్కటే.

నేను కేతేపల్లి హైస్కూల్లో తెలుగు చెప్పుకుంటున్న రోజుల్లో ఊళ్లోకి కంప్యూటర్లు దిగాయి. ఊరి నడుమ గడియారం దగ్గర ప్రెస్సుల వాళ్లు ఒకరి తర్వాత ఒకరు కొన్నారు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు అన్నీ అటు పోయాయి. టైపు నేర్చుకునేవాళ్లు పలచబడ్డారు. ఆపా రెండు మిషన్లు అమ్మేసి, తమ్ముడి కొడుకును వెంటబెట్టుకుని హైదరాబాద్ పోయి, మూతబడ్డ ఏదో కంపెనీ వాళ్ల దగ్గర పాత కంప్యూటర్ ఒకటి కొనుక్కొచ్చింది. బస్సులో దానికి టికెట్ తీసుకుందట. కిటికీ పక్క సీటు. కండక్టర్ నవ్వితే, వాంతి చేసుకోదు, సిగరెట్ తాగదు, ఇంతకంటే మంచి ప్యాసింజర్ నీకు ఎప్పుడన్నా ఎక్కిందా అని అడిగిందట.

ఆ కంప్యూటర్ ఊళ్లో అందరి కంప్యూటర్ల లాంటిది కాదు. అందరివీ మూడు ముక్కలు. టీవీ లాంటి తెర, దాని కింద డబ్బా, ముందు కీబోర్డు. ఆపాది ఒంటిడబ్బా. తెర, లోపలి యంత్రం, ఫ్లాపీ దూర్చే సందు, అన్నీ ఒకే బూడిదరంగు పెట్టెలో ఇమిడి ఉండేవి. ముందు కీబోర్డు, వెనక ఒకే ఒక్క కరెంటు వైరు, పని ఉన్నప్పుడు ప్రింటర్ తగిలించుకోవడానికి ఒక సందు.

దాన్ని చూడటానికి వచ్చిన ప్రతివాడూ ఒక సలహా పడేసి పోయేవాడు. గడియారం దగ్గరి ప్రెస్సాయన టీ తాగడానికన్నట్టు వచ్చి, తెర పోతే తెర ఒక్కటే మార్చుకునే వీలుండాలి కదా అని బాధపడ్డాడు. బ్యాంకు క్లర్కు ఒకాయన దీన్ని రేపు పెంచుకోవాలంటే ఎట్లా అని అడిగాడు. నేనూ తక్కువ తినలేదు. పేపర్లో చదివిన నాలుగు ముక్కలూ అప్పజెప్పి, కాలం చెల్లిన సరుకు కొన్నావేమో ఆపా అన్నాను. ఆమె లవంగాన్ని ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుని విని, అందరికీ ఒకే జవాబు చెప్పింది.

"పొద్దుమూకితే ఇంటికి తీస్కపోవాలె. మూడు ముక్కలుంటే ఎట్ల తీస్కపోత? ఇది ఒళ్లె కూసుంటది."

అది నిజమే. ఆ గది రేకుల గది. వానొస్తే కారేది. తలుపు గట్టిగా తంతే ఊడేది. అందుకని రోజూ సాయంత్రం ఆపా కంప్యూటర్‌ను గొంగడిలో చుట్టి, సైకిల్ రిక్షాలో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయేది. పొద్దున మళ్లీ అట్లాగే తెచ్చేది. బురఖాలో ఆపా, గొంగట్లో కంప్యూటర్. దారిలో అంగళ్ల వాళ్లు బిడ్డ పైలమా అని అడిగేవాళ్లు. పొద్దున్నుంచి పని చేసింది, నిద్రపోతోంది అని జవాబు చెప్పేది. ఏ వస్తువైనా కొనాలా వద్దా అన్నదానికి నిపుణులు చెప్పే కారణాలు వేరు, వాడుకునే మనిషి కారణం వేరు అని నాకు తెలిసింది ఆ రిక్షాను చూశాకే.

అంత ప్రేమ కాబట్టే దానికి తొడుగు కుట్టింది. మన దగ్గర ఇంట్లోకి ఏ యంత్రం వచ్చినా ముందు దానికి ఒక గుడ్డ కుడతాం కదా. రేడియోకు, టీవీకి, మిక్సీకి, చివరికి గ్యాస్ సిలిండర్‌కు కూడా లంగా తొడిగే జాతి మనది. ఆపా దూది పెట్టి కుట్టిన మందపాటి తొడుగు చేసింది. ఆకుపచ్చ రంగు, అంచున జరీ లేసు. అందరి తొడుగులు వాడేటప్పుడు తీసి పక్కన పెట్టేవి. ఆపా తెలివైనది కాబట్టి తెర ఉన్నచోట కిటికీలాగా కత్తిరించింది. అందువల్ల దాన్ని తీయాల్సిన అవసరం లేకుండా పోయింది. నల్లగొండ దుమ్ము ఎట్లాంటిదో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ దుమ్ము నుంచి కంప్యూటర్‌ను కాపాడింది ఆ తొడుగు. దాని వీపు మీద, నెత్తి మీద ఉన్న గాలి సందులను కూడా అంతే శ్రద్ధగా కాపాడింది. చేయి పెడితే సలసలా కాగినట్టుండేది. పని చేసే ఒళ్లు వేడిగా ఉండదా అనేది ఆపా.

అయినా దుమ్ము ఫ్లాపీ సందులోకి దూరనే దూరింది. ఒక ఫ్లాపీ లోపల ఇరుక్కుపోయి ఇక రాలేదు. మెకానిక్ చూసి, బాగు చేయాలంటే డబ్బా మొత్తం హైదరాబాద్ పంపి పదిహేను రోజులు వదిలేయాలన్నాడు. విడిగా ఉన్నదైతే ఆ ముక్క ఒక్కటే విప్పుకుని పోయేవాడట. పదిహేను రోజులు గది మూసుకుని కూర్చోవడం ఆపా వల్ల కాదు. సందుకు టేపు అంటించి పని చేసుకోసాగింది. అంటే అందులో కొట్టిందంతా అందులోనే ఉండిపోవాలి. బయటికి రావాలంటే ప్రింటర్ మీద కాగితం అయి రావాల్సిందే.

సరిగ్గా ఆ సమయంలో నేను నా థీసిస్ తీసుకుని పోయాను.

ఎం.ఫిల్.కు నేను తీసుకున్న విషయం మన జిల్లా గొర్ల కాపరుల మాటలు. గొర్రెను రంగును బట్టి, చెవిని బట్టి, నడకను బట్టి వాళ్లు పిలిచే పేర్లు, జబ్బుల పేర్లు, మేత పేర్లు. నాలుగేళ్లు సెలవుల్లో మందల వెంట తిరిగి రాసుకున్నాను. అందులో సగం తిరుమలగిరి అవతల ఒక గొల్ల తాత చెప్పినవి. ఆయనకు తెలిసిన మాటలు ఆయన కొడుకులకే తెలియవు. నేను రాయడం పూర్తయ్యే లోపలే ఆయన పోయాడు. కాబట్టి ఆ కాగితాల మీద ఉన్నదే మిగిలినది.

ఆపా ప్రతి మాటా అర్థం అడిగి గానీ కొట్టేది కాదు. తెలియని మాట దగ్గర వేలు పోదనేది. కర్రి అంటే నల్లది, బొల్లి అంటే తెల్లమచ్చలది అని నేను చెప్పాలి, ఆమె తలూపాలి, అప్పుడు కొట్టాలి. స్కూలు వదిలాక బస్సు పట్టుకుని వచ్చి పక్కన కూర్చునేవాణ్ని. ఒకరోజు ఆమె చేయి ఆపి చాలా గంభీరంగా నావైపు తిరిగింది.

"గొల్లాయన పెంచెదాంక ఇరువై పేర్లు. మా మామూ దుకాన్ల కోసినంక ఇంకో ఇరువై పేర్లు. నువ్వు సగం కతనే రాస్తున్నవ్ తమ్మీ."

ఆమె మేనమామది రామన్నపేటలో మటన్ దుకాణం. ఆ సాయంత్రం థీసిస్ ముందుకు కదల్లేదు. ఏ ముక్కను ఏమంటారో, దేన్ని ఎంతసేపు ఉడికించాలో చెప్పింది. నాకు ఆకలేసి ఇంటికి పోయాను.

కొట్టడం పూర్తయింది. తెర మీదే ఇద్దరం కూర్చుని తప్పులు దిద్దాం. గైడ్ పీఠిక చూసి సరే అన్నాక మొత్తం ఒకేసారి ప్రింటు తీయాలని ఆపాం. అప్పుడు నేను చేసిన పని చెబితే మీరు నమ్మరు. అయినా సర్కారీ బడిలో పని చేసినవాళ్లు నమ్ముతారు. మా స్కూల్లో కాగితాలకు ఎప్పుడూ కరువే. నా దగ్గర థీసిస్ చేత్తో రాసుకున్న రెండు వందల పైచిలుకు కాగితాలు, ఒకవైపు ఖాళీ. లోపల కంప్యూటర్‌లో భద్రంగా ఉన్నది కదా, ఇవెందుకు దండగ అని ఎనిమిదో తరగతికీ తొమ్మిదో తరగతికీ స్లిప్ టెస్టులకు పంచాను. పిల్లలు వెనకవైపు సంధులు, సమాసాలు రాశారు. నేనే దిద్ది, మార్కులు వేసి, ఇళ్లకు ఇచ్చి పంపాను. నాలుగేళ్ల నా కష్టం కేతేపల్లి ఇళ్లల్లోకి తలా ఒక కాగితంగా పోయింది. ఎర్ర సిరాతో నా సంతకం పెట్టి మరీ పంపాను.

ఆ తర్వాత వారం, ఏప్రిల్ నెల మిట్టమధ్యాహ్నం, ఆపా కంప్యూటర్ తెర ఒకసారి తెల్లగా మెరిసి, చుక్కంతయి, నల్లబడింది. థీసిస్ ఇవ్వాల్సిన గడువుకు నాలుగు రోజులుంది. అప్పటికే రెండుసార్లు గడువు పెంచారు. ఇక పెంచరు. రిజిస్ట్రేషన్ పోతుంది. పోతే పోనీ, ఇంకోసారి కట్టుకుందామనుకున్నా, ఆ మాటలు మళ్లీ ఎవరిని అడగాలి? కేతేపల్లిలో పంచిన కాగితాలు ఈపాటికి పొయ్యిల్లోకో పొట్లాల్లోకో పోయి ఉంటాయి.

మెకానిక్ వచ్చాడు. ముందు తొడుగు విప్పి దులిపాడు, తర్వాత మమ్మల్ని దులిపాడు. తెర కాలిపోయిందని, దీనికి వేరే తెర తగిలించడానికి వెనక ఎక్కడా దారే లేదని చెప్పాడు. లోపలి డిస్కు విప్పి ఇంకో దాంట్లో పెడితే చదువుతుందో లేదో చెప్పలేనన్నాడు. చదివినా హైదరాబాద్‌లోనే, పదిహేను రోజులు. గడియారం దగ్గరి ప్రెస్సాయన పరామర్శకు వచ్చి, నేను ముందే చెప్పాను అన్న మాట నోటితో అనకుండా ముఖంతో అన్నాడు. నేను స్టూలు మీద కూలబడ్డాను. ఏడ్చానని చెప్పడానికి నాకేమీ సిగ్గులేదు. ముప్పై ఐదేళ్ల పంతులు, తువ్వాలలో ముఖం పెట్టుకుని ఏడ్చాడు.

ఆపా నన్ను ఊరుకోబెట్టలేదు. అందరూ పోయేదాకా ఆగి, స్విచ్ వేసి, ఆ నల్ల తెర పక్కన చెవి ఆనించి కూర్చుంది. లోపల కుర్రుకుర్రుమని ఏదో తిరుగుతోంది. కాసేపటికి బీప్ అని ఒక చప్పుడు వచ్చింది. ఆమె తలెత్తి, దీనికి కళ్లే పోయాయి, మిగతా ఒళ్లంతా బాగుంది అంది. రేపటి నుంచి కరెంటు కోత వేళలు మారుతున్నాయి, పొద్దున ఆరింటికి కరెంటొస్తుంది, పదకొండుకు పోతుంది, ఆ లోపల పని కావాలి, ఆరింటికల్లా రమ్మంది.

మర్నాడు నేను పోయేసరికి ప్రింటర్‌కు గొలుసు కాగితం ఎక్కించి ఉంది. తొడుగు లేని ఆ కంప్యూటర్‌ను మొదటిసారి చూసినట్టనిపించింది. ఆపా లవంగం వేసుకుంది. కీబోర్డు మీద చేతులు పెట్టి, కళ్లు మూసుకుంది. చూడటానికి తెర మీద ఏమీ లేదు, అయినా మూసుకుంది. స్విచ్ వేయమంటే వేశాను. లోపలి చప్పుడు ఒక్కొక్కటే దాటేదాకా ఆగింది. బీప్ వచ్చాక కొట్టడం మొదలుపెట్టింది. తెలుగు సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడానికి ఏ మాట కొట్టాలో, తర్వాత లిస్టులో ఎన్నిసార్లు కిందికి, ఎన్నిసార్లు పక్కకు నొక్కాలో అంతా ఆమె వేళ్లకు గుర్తుంది. నన్ను మాట్లాడొద్దంది. నేను ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను.

ప్రింటర్ కదిలింది. నేను లేచి నిలబడ్డాను. చుక్కచుక్కలుగా ఒక పూలదండ, దాని కింద వినాయకుడు, దాని కింద ఎవరో రామన్నపేట వాస్తవ్యుల ఆహ్వాన పత్రిక. పెళ్లి అయిపోయి ఆరు నెలలైంది. ఆపా కళ్లు తెరవకుండానే వధూవరుల పేర్లు చెప్పి, ఒకటి ఎక్కువ కిందికి పోయినట్టున్నాను అంది. మళ్లీ మొదటి నుంచి. ఈసారి ఒకటి తక్కువ నొక్కింది.

"గొర్ల కాపరుల భాష, ఒకటో అధ్యాయం" అని ప్రింటర్ కొట్టడం మొదలుపెట్టింది. ఆ ప్రింటర్ ఒక్కో వరుసకు చేసే గోల చెవులు చిల్లులు పడేట్టుండేది. ఆ పొద్దు అంత ఇంపైన చప్పుడు నేను వినలేదు. గొల్ల తాత చెప్పిన మాటలు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. కర్రి వచ్చింది, బొల్లి వచ్చింది. నేను చింపి, వరుసగా పేర్చి, పేజీ నంబర్లు చూసుకుంటున్నాను. ఒక అధ్యాయం అయిపోగానే ఆపా మళ్లీ చెవి పెట్టి వినేది, మళ్లీ కొట్టేది. నాలుగో అధ్యాయం దగ్గర ఏదో తప్పు పడి వరుసగా బీప్‌లు వచ్చాయి. ఆమె కంగారు పడలేదు. స్విచ్ ఆపి, నీళ్లు తాగి, మళ్లీ మొదటి నుంచి పోయింది. అప్పుడొక్కటే మాట అంది.

"ఇంకొకలైతే తెర లేకుంటే కుర్చీ కెల్లి లేసిపోదురు. నేను చూసి నేర్చుకున్నదాన్ని కాదు గద తమ్మీ."

పదిన్నరకు ఏడు అధ్యాయాలూ అయ్యాయి. చివరగా కృతజ్ఞతల పేజీ వచ్చింది. కరెంటు పోవడానికి ఇంకా అరగంట ఉంది. నేను నిమ్మళంగా కూర్చుని ఆ పేజీ చదువుకున్నాను. గైడ్ గారికి కృతజ్ఞతలు. విశ్వవిద్యాలయానికి, హెడ్మాస్టరుకు, లైబ్రరీ సిబ్బందికి కృతజ్ఞతలు. సెలవుల్లో ఇంటి పట్టున లేకున్నా ఓర్చుకున్న నా భార్యకు. గొల్ల తాతకు. ఒకరాత్రి నన్ను మంద దగ్గర దింపిపోయిన లారీ డ్రైవరుకు కూడా. ఆపాకు లేదు. ఆ పేజీ రాసింది నేను. కొట్టింది ఆమె. ప్రతి మాటా అర్థం అడిగి కొట్టిన మనిషి, ఆ పేజీ దగ్గర మాత్రం ఏమీ అడగకుండా కొట్టింది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఒక్క వరుస కలపాలి, వీలవుతుందా ఆపా అని అడిగాను. ఎందుకని అడగలేదు. వేళ్లు విరుచుకుని, ఆ ఫైలు మళ్లీ తెరిచి, చివరికి పోయి, చేతులు అక్షరాల మీద పెట్టి చెప్పమంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఈ గ్రంథానికి ఓపికతో, ప్రేమతో అక్షరాలు కూర్చిన... ఆమె అంతవరకు కొట్టి ఆగింది. నేనూ ఆగాను.

నాకు ఆమె పేరు తెలియదు. పదిహేడేళ్లుగా ఆ గదికి పోతున్నాను, వస్తున్నాను. తిట్లు తిన్నాను, చాయ తాగాను. గొర్రె చెవి అంచు ఎట్లా ఉంటే ఏ పేరో మూడు ఊళ్లు తిరిగి అడిగి రాసుకున్నవాణ్ని. నాలుగేళ్లు మాటల వెంట పడి తిరిగిన నేను, పక్కన కూర్చున్న మనిషి పేరు ఏమిటని ఒక్కసారి అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే నోరు రాలేదు. ఆమె వేళ్లు కీల మీద అట్లాగే ఎదురుచూస్తున్నాయి. నా జన్మలో అంత సిగ్గుపడ్డ క్షణం లేదు.

ఆపాకు అర్థమైపోయింది. ఆమె నావైపు తిరగలేదు. వేళ్లు నాలుగైదు సార్లు కదిలాయి. ప్రింటర్ ఆ పేజీని మళ్లీ కొట్టింది.

"నువ్వు పిల్చేదే పెట్టిన" అంది.

కింద వరుసలో, ఒక్క తప్పు లేకుండా, అక్షరాలు కూర్చిన ఆపాకు అని ఉంది. ఆ తర్వాత రెండు నిమిషాలకు కరెంటు పోయింది.

వైవా రోజు బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఆ పేజీ దగ్గర ఆగి, ఈ ఆపా అన్నది ఏదైనా సంస్థా అని అడిగాడు. మా టైపు టీచరండీ అన్నాను. ఆయన నవ్వి పేజీ తిప్పాడు. ఎం.ఫిల్. వచ్చింది. కొన్నాళ్లకు జూనియర్ కాలేజీలో ఉద్యోగమూ వచ్చింది. ఆపా ఆ తర్వాత తెర విడిగా, డబ్బా విడిగా ఉన్న కంప్యూటర్ కొంది. దానికి తొడుగు కుట్టలేదు. ఇంటికి తీసుకుపోవడం కుదరక గదికి ఇనుప తలుపు పెట్టించింది. కొత్తది ఎట్లా ఉందని అడిగితే, పని మంచిగ చేస్తుంది గానీ రిక్షాలో ఒక్కదాన్నే పోవాల్సి వస్తోందని చెప్పింది.

ఆమె పోయిన రోజు ఫోన్ వస్తే వెళ్లాను. ఇంటి ముందు కుర్చీలు వేసి ఉన్నాయి. ఆమె తమ్ముడి కొడుకు నన్ను గుర్తుపట్టి, పక్కనున్న పెద్దాయనకు ఉర్దూలో నా గురించి చెప్పాడు. ఈ సార్ పుస్తకాన్ని ఫలానా ఆమె తెర లేని మిషన్ మీద కొట్టిందని చెబుతూ ఒక పేరు అన్నాడు. ఎవరి గురించి చెబుతున్నాడా అని నేను ఒక క్షణం చుట్టూ చూశాను. అది ఆపా పేరేనని తర్వాత తెలిసింది. చాలా మంచి పేరు. ఇంత రాసినవాణ్ని ఆ ఒక్క మాటా రాసేయొచ్చు. కానీ అది నేను ఆమె నోటి నుంచి విన్నది కాదు, అడిగి తెలుసుకున్నదీ కాదు. అందుకని ఇక్కడ కూడా ఆమె తన చేత్తో కొట్టుకున్న పేరే ఉంచాను.